ఓ.కె. - రెండక్షరముల వంశచరిత్ర

ఆంగ్లము రానివారి నోటను వినవచ్చు ఆంగ్లపదము 'ఓ.కె.' మన తెలుగు సంభాషణలలోను 'సరే' ప్రక్కన అది పీట వేసికొని కూర్చున్నది. ఇంత పేరు పొందిన మాటకు వంశవృక్షములు పెక్కు పుట్టుటలో వింత లేదు.

అమెరికాలోని చాక్టా అను ఆదివాసి జాతివారి భాషలో 'ఓకె' అనగా 'అది అంతే' అని అర్థమనియు, ఈ మాట అందుండియే వచ్చినదనియు కొందరందురు. 1913 నుండి 1921 వరకు అమెరికా అధ్యక్షుడుగా నుండిన వుడ్రో విల్సన్ దీనిని నమ్మి, ఆ వర్ణక్రమముతోనే కాగితములపై వ్రాసెడివాడు. 'అంతయు బాగున్నది' అను అర్థముగల 'ఓలా కలా' అను గ్రీకు మాటయే దీనికి మూలమని మరికొందరు. పశ్చిమాఫ్రికాలోని వోలోఫ్ భాష నుండి వచ్చినదని వేరొక వాదము. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ అక్షరదోషముతో అట్లు వ్రాసెనని ఇంకొక కథ.

అన్నియు వినుటకు ఇంపైనవే. కాని ఇంటిపేరు కలిసినవారెల్ల దాయాదులు కానట్లే, ధ్వని కలిసిన మాటలెల్ల చుట్టములు కావు. మాట మొదట ఎచ్చట, ఏనాడు వ్రాతలోనికి ఎక్కినదో చూపవలెను. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలను ఓపికతో గాలించి, ఆ సాక్ష్యమును 1963, 1964 సంవత్సరములలో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో ప్రకటించెను.

ఆయన చూపిన సంగతి ఇది. 1838 ప్రాంతమున బోస్టను పత్రికలవారికి ఒక సరదా పట్టుకొన్నది. మాటలను బుద్ధిపూర్వకముగా తప్పు వర్ణక్రమమున వ్రాసి, వాని మొదటి అక్షరములను మాత్రము వాడెడివారు. 'ఆల్ కరెక్ట్', అనగా 'అంతయు సరియే' అను మాటలకు నిజమైన మొదటి అక్షరములు 'ఏ', 'సి'. వాని స్థానమున 'ఓ', 'కె' నిలిపిరి. 1839 మార్చి 23వ తేదీ 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్'లో ఈ రూపము అచ్చుపడినది. అంతయు సరియే యని చెప్పు మాటలో రెండక్షరములును తప్పులే యగుట అందలి చమత్కారము.

అట్టి పరిహాసపు మాటలు ఆనాడు పెక్కు పుట్టి నశించినవి. దీనిని బ్రతికించినది 1840 ఎన్నిక. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ జన్మస్థలము కిండర్‌హుక్. 'ఓల్డ్ కిండర్‌హుక్' అను ఆయన ముద్దుపేరులోను ఆ యక్షరములే యుండుటచే అనుచరులు 'ఓ.కె. క్లబ్బు' స్థాపించిరి. ప్రతిపక్షులు జాక్సన్ కథను ప్రచారము చేసిరి. వాన్ బ్యూరెన్ ఓడెను, మాట నిలిచెను. తరువాత తంతివార్తలు పంపువారును దానిని చేపట్టిరి.

నేడు దాని అర్థములు అనేకము. అధికారి వ్రాసిన అది అనుమతి. 'భోజనమెట్లున్నది?' అన్నప్పుడు పలికిన 'ఫరవాలేదు' అని మాత్రమే. సంభాషణ ముగింపున అది సెలవు. సాగదీసి పలికిన సందేహము. మన 'సరే'కు గల స్వరభేదములన్నియు దానికిని గలవు.

ఒక మాట పుట్టుకను గూర్చి ఎవరైన చక్కని కథ చెప్పినచో విని ఆనందింపవచ్చును. నమ్ముటకు ముందు మాత్రము, అది ఏనాటి వ్రాతలో నున్నదని అడుగవలెను.