మొదటి రైఫిలు

మక్తల్ నుంచి కృష్ణానది వైపు సాగితే నల్లరేగడి చేలు కనుచూపు మేర పరచుకొని ఉంటాయి. కంది, పత్తి, జొన్న లేతగా ఉన్న దినాలలో ఆ చేలలోనికి కృష్ణజింకల మందలు దిగుతాయి. అవి మేసినది కొంత, త్రొక్కినది మరికొంత. మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల రైతులకు ఇది తరచు తప్పని బాధ. జొన్నచేలో మంచె మీద నిలిచి వడిసెల త్రిప్పితే పిట్టలు లేచిపోతాయి. జింకల మందకు వడిసెల చాలదు. అటువంటి వేళ ఇంట ఒక బందూకు ఉంటే బాగుండునని రైతుకు తోచడంలో వింత లేదు. ఇక గురి చూచే క్రీడపై మక్కువతో రైఫిలు కొనదలచిన యువకులు వేరే ఉన్నారు. ఈ ఇరుతెగల వారికీ ఉపయోగపడగల కొన్ని సంగతులు ముచ్చటించదలచినాము.

ముందుగా రైతు మాట. మన దేశంలో షికారు అనేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముగిసిపోయింది. కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. ఆ షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చినప్పుడో, కోలుకోలేని గాయమో రోగమో కలిగినప్పుడో మాత్రమే, అదీ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వకమైన అనుమతితోనే, చంపవచ్చును. పైరు తినడం అందుకు చాలిన కారణం కాదు. అడవిపంది సంగతి కొంత వేరు. అది రెండవ షెడ్యూలుది కనుక, పైరుకు హాని చేస్తున్నదని తేలితే అధికారి వ్రాతమూలకంగా అనుమతి ఇవ్వవచ్చును. అనుమతి లేని వేట, బందూకుతో చేసినా ఉచ్చుతో చేసినా, నేరమే.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. 1959 నాటి ఆయుధ చట్టం, పంట కాపుదలకు నిజంగా అవసరమైతే, గొట్టం ముందునుంచి మందు కూరే పాతకాలపు తుపాకికి లైసెన్సు ఇవ్వవలెనని చెబుతున్నది. అనగా ఒక చట్టం పైరుకాపుకు తుపాకి చేతికిస్తుంది. పదమూడేండ్ల తరువాత వచ్చిన మరొక చట్టం ఆ గురికి ఎదురుగా ఉన్న జింకను కాపాడుతుంది. రెండూ నేటికీ అమలులో ఉన్నవి. లైసెన్సు కాగితాన్ని చూచి వేటకు అనుమతి దొరికినదని భ్రమించరాదు. జింకల బెడదకు అటవీశాఖ వారితో తేల్చుకోవలసినదే కాని, రైఫిలు మందు కాదన్నది మా అభిప్రాయం.

అయినా .315 బోరు రైఫిలు కొందామనే వారు ఉంటారు. ఇది మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు పౌరుల కొరకు తయారుచేసిన రకం. దీనికీ, చిన్నదైన .22 రైఫిలుకూ లైసెన్సు కావలెను. చిన్నదని తేలికగా చూడరాదు: .22 తూటా కిలోమీటరున్నర దూరం పోగలదు. మక్తల్ చుట్టుపట్ల నేల బల్లపరుపు. చేను దాటితే గొర్రెలకాపరి, అతనికి ఆవల కలుపు తీసే కూలీలు. గుండును ఆపడానికి గుట్ట లేని చోట గురి తప్పిన గుండు ఎవరి పాలిట పడుతుందో ఎవరు చెప్పగలరు?

కనుక మొదటి రైఫిలు గాలి రైఫిలు కావడం మేలు. .177 అంగుళాల బోరుకు, 20 జౌళ్ల శక్తికి మించని గాలి రైఫిలుకు లైసెన్సు అక్కరలేదు; కొనేవారి గుర్తింపు పత్రం, చిరునామా చూపవలసి ఉంటుంది. స్ప్రింగుతో పనిచేసేది సామాన్యునికి చాలును. గొట్టాన్ని మడిచి స్ప్రింగును బిగించవలెను గనుక, ఆ బిగువు మీ చేతికి లొంగుతున్నదా అని అంగడిలోనే చూడండి. మోచేతి వంపున మడమను ఆనించి పట్టుకొంటే వ్రేలి కొన ట్రిగ్గరును సుఖంగా అందుకోవలెను. మీ రెండు కన్నులలో గురిపట్టే కన్ను ఏదో తెలుసుకోండి. అది కుడిచేతి వాటం వారిలో ఎడమదిగా ఉండడమూ కద్దు. దుర్భిణి తొందర వద్దు. గొట్టం మీది సాదా గురితో చేయి కుదిరిన పిదప దానిని అమర్చుకోవచ్చును. స్ప్రింగు రైఫిలు పేల్చేటప్పుడు ముందుకూ వెనుకకూ కదలుతుంది. గట్టిగా అదిమి పట్టిన కొలదీ గురి చెదరుతుంది. వదులుగా, ప్రతిసారీ ఒకే తీరున పట్టడమే కిటుకు. కాగితపు గురికి చదునైన ముఖం గల గుండ్లు వాడితే గుండ్రని రంధ్రం స్పష్టంగా పడుతుంది.

ఈ గాలి రైఫిలును ఆటవస్తువని చిన్నచూపు చూడనక్కరలేదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణపతకం గెలిచినదీ, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్యం తెచ్చినదీ పది మీటర్ల గాలి రైఫిలు పోటీలోనే. ఆ గురి మధ్యనున్న పది మార్కుల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు, ఆవగింజకంటె చిన్నది! పోటీవారి రైఫిళ్లు అదిమిపెట్టిన గాలితో పనిచేసేవి, వెల హెచ్చు. వాటి ఊసు రెండు మూడేండ్ల అభ్యాసం తరువాత.

పది మీటర్లు మన ఊళ్లలో పెరటిలోనే దొరుకుతుంది. అయితే కాగితాన్ని రాతిగోడకు తగిలించవద్దు. రాతి మీదా, గట్టి కొయ్య మీదా తగిలిన సీసపు గుండు వెనుకకు ఎగసి వస్తుంది. కన్ను పోవడానికి అది చాలును. ఒక పెట్టె నిండా పాత గుడ్డలు కూరి, దాని వెనుక మెత్తని మట్టికట్ట పోసి, ముందు కాగితం అంటించండి. ఆ వైపునుంచి మనుషులూ పశువులూ వచ్చే దారి లేకుండా చూచుకోండి. పని ముగిసిన పిదప రైఫిలును ఒక పెట్టెలో, గుండ్లను వేరొక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళపుచెవి పిల్లలకు అందనిచోట ఉంచండి.