కౌలు బాకీ పడితే భూమి గలవాళ్లం ఏం చేయాలి?

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ విషయంలో నేను బయటివాణ్ణి కాదు. నాకు రెండెకరాల పల్లం ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ కౌలుకే ఇచ్చాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇస్తున్నాను. కాబట్టి భూమి గలవాళ్లను తిట్టడానికి లేచానని అనుకోకండి. తిడితే నన్నూ కలిపే తిట్టుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇవాళ కౌలుకిచ్చేవాళ్లంతా జమీందార్లు కారు. రిటైరైన మాస్టార్లు, సిపాయిలు, విశాఖ వెళ్లి స్థిరపడ్డవాళ్లు, హైదరాబాదుకో చెన్నైకో వలసపోయినవాళ్లు, భర్త పోయి సాగు చేయించుకోలేని ఆడవాళ్లు ఉన్నారు. ఆ నాలుగు బస్తాల గింజల మీద వాళ్లకూ మందుల ఖర్చు, పిల్లల ఫీజు లెక్క ఉంటుంది. కౌలు అడగడం తప్పని నేననను. బాకీ పడ్డప్పుడు ఎలా అడుగుతున్నాం, ఏం చేస్తున్నాం అన్నదే నా మాట.

1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద శిస్తు బకాయి పడితే జమీందారు పంట జప్తు చేయించేవాడు, భూమిని వేలం వేయించేవాడు. 1940లో మన పలాసలోనే అఖిల భారత కిసాన్ సభ జరిగింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీ పోయింది. కానీ "ముందు నా గింజలు కొలిచి పెట్టు, తరవాత నీ సంగతి చూసుకో" అనే మాట కల్లంలో ఇంకా వినిపిస్తోంది. అన్నది జమీందారు కాదు, నాలాంటివాడే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎలా కూలిపోయాయో మీరంతా చూశారు. వరి చేలు నీట పడుకున్నాయి. ఆ ఏడు మా కౌలుదారు నాకు పదహారు బస్తాలు ఇవ్వాలి. అయిదు తెచ్చి అరుగు మీద దింపాడు. "మాస్టారూ, ఈ ఏటికి ఇంతే. మిగతాది నేను ఎగ్గొట్టను" అన్నాడు. నేను సరేనని కూడా అనలేదు. "వచ్చే ఏటి సంగతి ఆలోచించుకోవాలి" అన్నాను. అంటే ఏమిటో అతనికి తెలుసు. పక్క ఊరివాడు ఎకరాకి ఒక బస్తా ఎక్కువిస్తానని అప్పటికే నాకు కబురు పెట్టాడు.

అతను వెళ్లాక మా ఆవిడ అడిగింది: "పంట నష్టం డబ్బు మీ ఖాతాలో పడింది కదండీ, అది ఎవరిది?"

పాసుపుస్తకం నా పేరున ఉంది కనుక డబ్బు నా ఖాతాలో పడింది. దుక్కి అతనిది, విత్తనం అతనిది, ఉబాలుకు తెచ్చిన అప్పు అతనిది, నీళ్లలో మురిగిన చేను అతనిది. పరిహారం నాది. పైగా పదకొండు బస్తాల బాకీ అతని మీద! రెండు వారాలుగా ఆ డబ్బు నా దగ్గర ఉన్నా నాకు తోచలేదు చూడండి, దానికే ఇప్పటికీ సిగ్గుపడతాను. మర్నాడు ఆ డబ్బు అతని చేతిలో పెట్టాను.

మనం చూడాల్సింది ఇక్కడే. బాకీ పడ్డ కౌలు రైతును సోమరి అనీ, మాట నిలుపుకోనివాడనీ అంటాం. బాకీ పుట్టేది మన నోటిమాట ఒప్పందంలోంచే. కాగితం లేదు కనుక అతనికి బ్యాంకు పంట రుణం ఇవ్వదు, ఎక్కువ వడ్డీకి బయట తెస్తాడు. ఈ-పంటలో నా పేరే ఉంటే ధాన్యం అమ్మిన డబ్బు కూడా నా ఖాతాకే వస్తుంది. చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టే ఉంది మన వ్యవహారం.

2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాన్ని తీసేసి 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం, భూమి గలవాడి సంతకం ఉండాలన్నారు. ఆ సంతకం షరతు వల్లే చాలామందికి కార్డు రావడం లేదని మన సంఘం మొదటినుంచీ చెబుతోంది. ఎందుకు పెట్టరు? "సంతకం పెడితే భూమి పోతుంది" అనే భయం. యాజమాన్య హక్కుకు ఏ భంగమూ లేదని ఆ చట్టంలోనే రాసి ఉంది. నేను పెట్టాను, నా రెండెకరాలూ ఉన్నచోటే ఉన్నాయి.

ఇక బాకీ లెక్క. ఎకరాకి మామూలుగా ఇరవై రెండు బస్తాలు పండి, ఎనిమిది బస్తాలు కౌలు అనుకుందాం. తుఫానుకో, కాలువ చివర నీరందకో తొమ్మిదే పండాయి. అప్పుడూ ఎనిమిదే కావాలంటే అతనికి మిగిలేది ఒక్క బస్తా. పండిన దాన్నిబట్టి తగ్గిస్తే నాకు వచ్చేది మూడుంబావు. పూర్తి న్యాయం అది కూడా కాదు, ఎందుకంటే పెట్టుబడి అంతా అతనిదే. అయినా కనీసం అక్కడ మొదలుపెట్టాలి. మిగతా నాలుగు ముప్పావును "బాకీ" అనకూడదు. అది పండని పంట. పండని పంటకు కౌలు ఏమిటి?

పంట బాగా పండి కూడా ఇవ్వనివాళ్లు లేరా అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. ఉన్నారు బాబూ, లేరనను. కారణం అడగండి. ఇంట్లో జబ్బో, పెళ్లో, వడ్డీవాడు కల్లంలోనే కాటా పెట్టాడో తెలుస్తుంది. ఇద్దరు పెద్దమనుషుల ముందు ఎంత బాకీ, ఎన్ని పంటల్లో తీరుస్తాడు అన్నది రాసుకొని ఇద్దరి దగ్గరా ఒక్కో కాగితం ఉంచుకోండి. వడ్డీ వేయకండి. వరి కోశాక చల్లుకున్న మినుము, పెసర మీద చెయ్యి వేయకండి, అది అతని తిండి. అన్నిటికన్నా ముఖ్యం, చేలో పంట ఉండగా దిగిపొమ్మనకండి. 1956 కౌలు చట్టం ప్రకారం అప్పట్లో కౌలు బకాయి పడినా, భూస్వామి స్పెషలాఫీసరు దగ్గర దరఖాస్తు పెట్టుకోకుండా కౌలుదారును తొలగించడానికి వీలుండేది కాదు. ట్రాక్టరు పంపి గట్టు దున్నించేవాళ్లకు నోటిమాట కౌలేగదా అని ధీమా!

కౌలు రైతులకూ ఒక మాట. పంట దెబ్బతిన్న రోజే భూమి గలాయనను చేలోకి తీసుకెళ్లి చూపించండి. ఫోటో తీసి ఉంచండి. కోతలయ్యాక చెబితే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

మా కౌలుదారు సంగతి పూర్తి చేస్తాను. పదకొండు బస్తాల్లో ఆరు వదులుకున్నాను. అయిదు రెండు ఖరీఫుల్లో తెచ్చి ఇచ్చాడు. అతను ఇప్పటికీ నా భూమే చేస్తున్నాడు. ఇవాళ ఈ సభకు రాలేదు, మా చేలోనే నూర్పు జరుగుతోంది. సంతకం పెట్టని భూమి గలవాళ్లెవరైనా ఉంటే సభ అయ్యాక ఆగండి, ఒప్పంద పత్రాలు నా సంచిలో ఉన్నాయి.