కంప్యూటరులో పులిజూదము



నేను 34 సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందినవాడను. నా చదువు అమరకోశముతోడను శబ్దములతోడను ఆరంభమైనది. కంప్యూటరు నా చేతికి వచ్చునప్పటికే తల నెరసినది. అట్టివాడు కంప్యూటరు ఆటల నిర్మాణమును గుఱించి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. ఆ విద్యలో ప్రవీణుడనని చెప్పుకొనుటకు నేను రాలేదు. ఆ పనిలో నేనొక పొరపాటు చేసితిని. దానివలన మాయూరి పెద్ద యొకరి సొత్తు కొంత పోయినది. అది యెట్లు పోయినదో చెప్పినచో, తమ యూరి పాటలనో కథలనో ఆటలనో కంప్యూటరున భద్రపరుప దలచువారికి ఉపయోగపడునని యెంచి మాటలాడుచున్నాను.

మాయూరు రాయలసీమలోని యొక చిన్న పల్లె. గుడిమండపములో రాతిబండమీద పులిజూదపు గీతలు చెక్కి యున్నవి. త్రికోణముగా గీచిన గీతలపై 23 స్థానములు. 3 పులులు, 15 మేకలు. పులి మేకపైగా దుమికి దానిని చంపును. మేకలు కూడబలుకుకొని పులులను కదలకుండ బంధించును. బలహీనులు కలిసి బలవంతుని కట్టివేయు విద్య యిందులో నున్నది. కాని నేటి పిల్లలు బండవద్దకు రారు, తెరవద్దకు వత్తురు. కావున బండమీది యాటను తెరమీదికి తేవలెనని 2022వ సంవత్సరము దసరాలో పూనుకొంటిని.

మాయూర ఎనుబది యేండ్లు దాటిన గొర్రెలకాపరి యొకరున్నారు. మేకల పక్షమున ఆడినప్పుడు ఆయనను ఓడించినవారిని నేను చూడలేదు. ఆయన ఆడిన యాటలను ఎత్తు వెంట ఎత్తుగా దాచి, పిల్లలు మరల మరల చూచి నేర్చుకొనునట్లు చేయవలెనని నా కోరిక. ఆ యాట మా గ్రంథాలయములోని పాత కంప్యూటరుపై ఇంటర్నెట్టు లేకున్నను నడువవలెను. ఈ చివరిమాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు. నాకు వచ్చిన చిక్కంతయు అందులోనే యున్నది.

కంప్యూటరు ఆట చేయువారు ప్రతి పనిని మొదటినుండి చేసికొనరు. బొమ్మను కదల్చుట, ధ్వని పలికించుట, మీట నొక్కినదో లేదో తెలిసికొనుట మున్నగు పనులు ముందే సమకూర్చిన సామగ్రి కలదు. దానిని గేమ్ ఇంజను అందురు. నాటకసమాజమువారు తెరలు, దీపములు, హార్మోనియము సిద్ధముగా నుంచుకొని, ఏ నాటకమునకైన వానినే వాడుకొనుటవంటిది. ఈ యింజనులలో రెండు తెగలున్నవి. కొన్ని కంప్యూటరుపై స్వయముగా నడుచు ఆటను తయారుచేయును. మఱికొన్నిటి యాట బ్రౌజరులో నడుచును. బ్రౌజరనగా ఇంటర్నెట్టు పుటలను మనకు చూపు సాధనము. మీ మనుమలు వార్తలు చూచునది, పరీక్షాఫలితములు చూచునది అదియే.

నేను రెండవ తెగనే ఎన్నుకొంటిని. అందుకు బలమైన కారణమే యున్నది. మొదట ప్రయత్నించిన స్వతంత్రపు ఇంజనులో “స్త్రీ” యని వ్రాసినచో సకారము, తకారము, రేఫము వేర్వేరుగా విడిపోయి, గుడిదీర్ఘ మొకచోట, పొల్లు ఒకచోట పడెను. ఏలయన, కంప్యూటరు లోపల తెలుగక్షరములు వరుసగా సంఖ్యలుగా నుండును. ఆ సంఖ్యలను చూచి ఒత్తును క్రిందికి, గుణింతమును మీదికి చేర్చి కూర్చునట్టి పనిముట్టు వేఱుగా కావలెను. బ్రౌజరులలో అట్టి పనిముట్టు చిరకాలముగా నున్నది. ఆ యింజనులో లేదు. అక్షరము చెడిన చోట తెలుగు పంతులు నిలువగలడా? బ్రౌజరులో అక్షరములు ముత్యములవలె కనబడగానే నా మనస్సు అందులోనే లగ్నమైనది. పైగా ఒక మాట మార్చినచో మరుక్షణమే తెరపై కనబడును. నా యింటి కంప్యూటరులో ఆట చక్కగా నడిచినది.

గ్రంథాలయమునకు తీసికొనిపోయినతోడనే చిక్కులు మొదలైనవి. ఆటను చిన్నపెట్టెలోనికి ఎక్కించుకొనిపోయి, అక్కడి కంప్యూటరులో నుంచి తెరవగా తెల్లతెర తప్ప మఱేమియు రాలేదు. కంప్యూటరులోని పుట తన ప్రక్కనున్న ఫైళ్లను తానుగా చదువుటను బ్రౌజరు భద్రతకొఱకు నిరోధించును. దొంగపుట యొకటి మన కాగితములను చదువకుండుటకై పెట్టిన మంచి నియమమే అది. కాని నా పులిబొమ్మ కూడ ఆ నియమమునకు లోబడినది. దానిని తప్పించుటకు, ఇంటర్నెట్టు లేని గదిలో ఇంటర్నెట్టు ఉన్నట్లు నటించు చిన్న సర్వరు నొకటి నడుపవలసివచ్చెను.

తరువాత ధ్వని పలుకలేదు. ఎవరైన తెరపై నొక్కువఱకు పుట ధ్వని చేయరాదని మఱియొక నియమము. అడుగకుండ అరచు ప్రకటనలను అణచుట కిది పుట్టినది. 2018లో క్రోమ్ బ్రౌజరు దీనిని అమలుపరుపగా పూర్వము చేసిన అనేకములైన ఆటలు మూగబోయినవి. వాని కర్తలు మొఱపెట్టుకొనిరి. గూగుల్ సంస్థ ఆటల ధ్వనివిషయమున దానిని కొంతకాలము నిలిపి, తుదకు అమలుపరచెను. ఆటలో దోషము లేదు. ఆటకర్త యేమియు మార్చలేదు. ఆశ్రయమిచ్చిన యింటి నియమము మారినది, అంతే.

మఱియు, తెరనిండ ఆట పరచియుండగా ఎస్కేపు మీట నొక్కినచో ఆట ఆగవలెనని నేననుకొంటిని. కాని తెరయే చిన్నదైపోవును. ఆ మీటను బ్రౌజరు తన కొఱకు ఉంచుకొన్నది. పాత కంప్యూటరులోని చిత్రసాధనమును నమ్మదగదని బ్రౌజరు ప్రక్కకు నెట్టుటచేత బొమ్మల భారమంతయు ప్రధానయంత్రముపై పడి, పులి దుముకుటకు బదులు ప్రాకినది. ఇవన్నియు నేనోర్చుకొంటిని. పిల్లలు నవ్విరి గాని ఆడిరి.

నాలుగు నెలలలో కాపరిగారు 41 ఆటలాడిరి. ఆయన వ్రేలితో చూపగా నేను మీట నొక్కితిని. మొదటి 9 ఆటలను నోటుపుస్తకములో గూడ వ్రాసితిని. తరువాత, కంప్యూటరు దాచుచుండగా వ్రాత యెందులకని మానితిని. ఒకనాడాయన అడిగిరి: “అయ్యవారూ, నా ఆట మీ పెట్టెలో ఎన్ని దినాలుంటాది?” ఎల్లకాలము ఉండునని నేను చెప్పితిని. పెద్దలారా, తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పుట గురువునకు తగదని 34 సంవత్సరములు పిల్లలకు చెప్పినవాడను నేనే.

2023 ఫిబ్రవరిలో కంప్యూటరు మందగించినదని దానిని బాగుచేయుటకు ఒక కుఱ్ఱవాడు వచ్చెను. అందఱును చేయునట్లే అతడు బ్రౌజరులో పేరుకొన్న పాత సమాచారమును తుడిచివేసెను. ఆటల యెత్తులన్నియు అందులోనే యుండెను. బ్రౌజరు ప్రతి పుటకును కొద్దిపాటి గూడు ఇచ్చును. ఆ గూడు మనది గాదు, దానిది. శుభ్రము చేయుమన్నప్పుడు అది పొట్టును గింజను వేఱుచేయదు. కుఱ్ఱవాని తప్పు రవ్వంతయు లేదు. నోటుపుస్తకములోని 9 ఆటలు మిగిలినవి, 32 పోయినవి.

కాపరిగారికి చెప్పితిని. ఆయన నవ్వి, “గుడిబండ మీద గీత మా జేజినాయన కాలంనాటిది, ఇంకా ఉండాది. మీ పెట్టెలో గీత నాలుగు నెలలు నిలవలేదే అయ్యవారూ!” అనిరి. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

నగరములో ఇంజనీరుగా నున్న నా పూర్వవిద్యార్థి అప్పుడొక ఉపాయము చెప్పెను. ఆటను బ్రౌజరుతో సహా ఒక తొడుగులో బిగించి, స్వతంత్రమైన కార్యక్రమమువలె కంప్యూటరులో నుంచవచ్చును. ఫైళ్లను కూడ మన యిష్టమైనచోట వ్రాసికొనవచ్చును. చేసి చూచితిని. నా బొమ్మలు, ధ్వనులు కలిసి 3 మెగాబైట్లు లేవు. తొడుగుతో కలిసి 100 మెగాబైట్లు దాటినది. ఒక మామిడిపండు చుట్టములకు పంపుటకు చెట్టునే పెకలించి బండి కెత్తినట్లైనది. 2 గిగాబైట్ల జ్ఞాపకశక్తిగల ఆ ముసలి కంప్యూటరు ఆ బండిని లాగలేకపోయినది.

ఇది పల్లెలోని పంతులుకు మాత్రమే వచ్చిన చిక్కని యనుకొనకుడు. ఇటలీ దేశస్థుడైన లూకా గలాంటే యను నాతడు “వాంపైర్ సర్వైవర్స్” అను ఆటను ఫేజర్ అను బ్రౌజరు సామగ్రితోనే చేసెను. అది లోకప్రసిద్ధమై 2023లో బ్రిటనులోని బాఫ్టావారి ఉత్తమ క్రీడా బహుమానమును పొందెను. కాని తెరపై శత్రువులు వందలుగా క్రమ్ముకొనునప్పుడు వేగము మందగించుచుండెను. ఆ సంవత్సరమే డెస్కుటాపు ఆటను యూనిటీ యను వేఱొక ఇంజనులో తిరుగ నిర్మించిరి. జర్మనీలో చేసిన “క్రాస్‌కోడ్” అను ఆటయు బ్రౌజరు విద్యతో చేసినదే. 2018లో డెస్కుటాపుపై వెలువడి కీర్తి గాంచెను. ఆటపెట్టెలపైకి అది చేరునప్పటికి 2020 వచ్చెను. కావున బ్రౌజరు ఇంజనుతో మంచి యాట రాదనుట అసత్యము. మొదట సులభముగా కనబడిన పనికి తుదిలో మూల్యము చెల్లింపవలసివచ్చుననుట సత్యము.

ఇంతకంటె పెద్ద సంగతి ఫ్లాష్ కథ. బ్రౌజరులో ఆటలాడించిన ఆ సాధనమును నమ్మి లెక్కకు మించిన ఆటలు పుట్టినవి. దాని యజమానులైన అడోబీవారు 2020 డిసెంబరు 31తో దానికి ఆదరణ మానిరి. 2021 జనవరి 12 నుండి అది నడువకుండ నిరోధించిరి. తరువాత కొందఱు ఔత్సాహికులు శ్రమించి అనేకములను కాపాడిరి గాని, కర్తలకు తమ యాటలపై గల అధికారమెంతటిదో ఆనాడు తెలిసినది. సత్రములో భోజనము బాగుండవచ్చును, పడక మెత్తగా నుండవచ్చును. బాటసారికి అది స్వర్గము. అక్కడ కాపురము పెట్టదలచినవాడు మాత్రము తాళపుచెవి ఎవరి మొలలో నున్నదో చూచుకొనవలెను.

2023 మార్చిలో గొడో యను ఉచితమైన ఇంజను నాలుగవ రూపము వెలువడినది. అందులో తెలుగువంటి లిపులను కూర్చు పనిముట్టు చేరినది. “స్త్రీ” యని వ్రాసి చూచితిని, అక్షరము నిలిచినది. ఆటను మొదటినుండి మరల వ్రాసితిని. ఐదు నెలలు పట్టినది. కట్ట పరిమాణము నేననుకొన్నంత తగ్గలేదు. అయినను పాత యంత్రములకు పనికివచ్చు చిత్రణపద్ధతి నెన్నుకొనగా పులి మరల దుమికినది. ప్రతి యాటయు ఒక సాదా ఫైలులో, ఎవరైన చదువదగిన అక్షరములలో వ్రాయబడును. నెల కొకసారి దానిని అచ్చొత్తి గ్రంథాలయపు బీరువాలో నుంచుచున్నాము.

కాపరిగారు మరల కూర్చుండిరి. ఇప్పటికి 26 ఆటలైనవి. కాని మొదటివిడతలో ఆయన వేసిన బంధమొకటి యున్నది. రెండు మేకలను కావలెనని బలియిచ్చి, మూడు పులులను త్రికోణపు శిఖరమున చేర్చి బంధించిరి. అది యేవరుసలో చేసిరో నాకు జ్ఞాపకము లేదు. ఆయనకును రాలేదు. రెండు సాయంకాలములు బండవద్ద కూర్చుండి గవ్వలు జరిపి చూచిరి. “ఆ పొద్దు పులి అట్లా వచ్చింది, నేనట్లా పోయినా” అని మాత్రమనిరి.

కావున పెద్దలారా, మీ యూరికి ఎవరైన వచ్చి మీ పాటను, ఆటను, వైద్యమును కంప్యూటరులో దాచెదమనినచో సంతోషముగా అంగీకరింపుడు. అంగీకరించుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. దాచినది ఏ ఫైలులో, ఎక్కడ నున్నది? ఇంటర్నెట్టు లేనినాడు, ఈ బ్రౌజరు లేనినాడు అది తెరుచుకొనునా? దాని ప్రతి మఱియొకచోట నున్నదా? పదిమందికి చూపుటకు, త్వరగా పంచుటకు బ్రౌజరే మేలు. ఈనాటికిని మా పిల్లలకు క్రొత్త యాటను రుచి చూపవలసినచో నేను దానినే వాడుదును. ఊరిలో నిలువవలసినదానిని మాత్రము ఊరిలోనే నిలుపవలెను.

కాపరిగారి యాట ఈ శనివారము సాయంకాలము మరల నున్నది. ఈసారి నోటుపుస్తకము నా ఒడిలోనే యుండును. సెలవు.