వెల్డింగు లేకుండా పాలబండికి సైలెన్సరు మార్చుకొనుట

(సంఘ కార్యదర్శుల, రూటు డ్రైవర్ల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పద్దులు తనిఖీ చేయవలసినవారు సైలెన్సరు గురించి చెప్పడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మేము ఈ విషయానికి వచ్చింది వోచర్ల దారినే. సొంత బండి ఉన్న సంఘాల మరమ్మతు ఖాతా తిరగవేస్తుంటే, "సైలెన్సరు వెల్డింగు" అన్న పద్దు ఒకే సంవత్సరంలో మూడు నాలుగుసార్లు కనబడిన సందర్భాలు ఉన్నాయి. ఒక్కొక్కటి చిన్న మొత్తమే గనుక పాలకవర్గం దృష్టికి రాదు. బండి ఆగిన పూట పులిసిపోయిన పాల లెక్క మాత్రం ఆ వోచరులో ఎక్కడా ఉండదు. పితికిన పాలు ఒంటి వేడితో ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించాలని శీతలీకరణ కేంద్రం వారు మీకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. వెల్డింగు దుకాణం తెరిచేది పొద్దెక్కిన తర్వాత. మన పాలు కదిలేది తెల్లవారకముందే.

వేసిన అతుకు ఎందుకు నిలవదో ముందు తెలుసుకుందాం. డీజిలు మండినప్పుడు పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. దూరం పోయే లారీలో సైలెన్సరు బాగా కాగి ఆ తడి ఎగిరిపోతుంది. మన పాలబండి ఊరూరా ఆగుతూ, ఇంజను ఆపుతూ పోతుంది. తడి లోపలే నిలిచి, రేకును లోపలి నుంచి తినివేస్తుంది. పైకి రంధ్రం ఒకటే కనబడినా దాని చుట్టూ రేకు అప్పటికే పలచబడి ఉంటుంది. అటువంటి రేకు మీద వెల్డింగు చేస్తే అంచు కాలి, నెల తిరగకముందే అతుకు పక్కన మరో రంధ్రం పడుతుంది. పైగా డీజిలు టాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు అక్కడే ఉంటాయి. బ్యాటరీ తీగ విప్పకుండా వెల్డింగు పెడితే ఆల్టర్నేటరు దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

పగిలిన సైలెన్సరు వల్ల చప్పుడే కదా అని తేలికగా తీసుకోవద్దు. చప్పుడు అన్నిటికన్నా చిన్న నష్టం. పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలం అద్దాలు బిగించుకొని నడిపే డ్రైవరుకు అది క్యాబిన్‌లోకి చేరితే తలనొప్పి, మగత వస్తాయి. నిద్ర చాలలేదేమో అనుకొని అలాగే నడుపుతాడు. ఇక పాల సంగతి. రంధ్రం తొట్టి కిందనే ఉంటే ఆ సెగ అడుగున వరుసలో ఉన్న క్యాన్లకు తగులుతుంది. పాలలోని వెన్న వాసనను ఇట్టే పట్టుకుంటుంది. మూత సరిగా పట్టని క్యానులోని పాలకు పొగ వాసన వస్తే, రిసెప్షను డాకు దగ్గర ముక్కుతోనే తిప్పి పంపుతారు. ఆ నష్టం పోసిన సభ్యులది. చట్టం కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 120వ నిబంధన ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సరు ఉండి తీరాలంటుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మేము చెప్పే పద్ధతి పాత బండ్లకు మాత్రమే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ స్టేజి 6 బండ్లలో పొగగొట్టం మీదనే శుద్ధి చేసే పరికరాలు, సెన్సార్లు ఉంటాయి. వాటి మీద రంపం పెట్టవద్దు; కంపెనీ వర్క్‌షాపుకే పంపండి. అంతకు ముందరి బండ్లలోనైనా గొట్టం మీద సెన్సారు వైరు కనబడితే ఇదే మాట.

సైలెన్సరు కొనేటప్పుడు బండి మోడలు, సంవత్సరం చెప్పడంతో సరిపెట్టుకోకండి. వీలైతే పాతది విప్పి దుకాణానికి పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూడండి. డొల్ల పొడవు, లోపలికి వచ్చే మూతి నడుమ ఉందా పక్కకు ఉందా, బయటికి పోయే మూతి ఎటు ఉంది, వేలాడదీసే కొక్కేలు ఎక్కడ ఉన్నాయి అన్నవి సరిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం గొట్టం వ్యాసం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బండి మీద మిగిలే గొట్టానికి బయటి వ్యాసం కొలవాలి, కొత్త సైలెన్సరు మూతికి లోపలి వ్యాసం కొలవాలి. ఒకటి రెండో దానిలో దూరాలి గదా!

వెర్నియరు లేకపోతే కాగితం పట్టీ చాలు. గొట్టం చుట్టూ ఒక చుట్టు తిప్పి, కలిసినచోట గీత గీసి, చాపి కొలవండి. వచ్చినదాన్ని 7తో హెచ్చవేసి 22తో భాగించండి. చుట్టుకొలత 22 సెంటీమీటర్లయితే వ్యాసం 7 సెంటీమీటర్లు, అంటే 70 మిల్లీమీటర్లు. పురికొసతో కొలిస్తే దాని లావు కూడా లెక్కలో కలుస్తుంది, అందుకే కాగితం అన్నాము. (ఆ కాగితం రసీదు పుస్తకంలోంచి మాత్రం చింపవద్దు. ఆడిట్‌లో మాకు పని పెరుగుతుంది.) రెండింటి మధ్య మిల్లీమీటరు లోపు తేడా ఉంటే క్లాంపు బిగువు పట్టుకుంటుంది. అంతకు మించితే దుకాణంలో దొరికే స్లీవు గొట్టం కొనండి. రేకు ముక్కలు చుట్టి దూర్చడం పనికిరాదు.

బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు అడ్డుదుంగలు పెట్టి, గొట్టం పూర్తిగా చల్లారనివ్వండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరవద్దు. స్టాండు గాని, గట్టి కొయ్యదిమ్మెలు గాని తప్పక పెట్టండి. తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే కిరసనాయిలో తుప్పు వదిలించే నూనెనో పట్టించి ఉంచితే పొద్దుటికి వదులవుతాయి. రాని నట్టును రంపంతో కోసివేయండి, కొత్త క్లాంపుకు కొత్త నట్లే వస్తాయి. పాత సైలెన్సరు మూతి గొట్టానికి పట్టుకుపోయి ఉంటే, మూతికి నిలువుగా గాటు కోసి ఉలితో విడదీయండి. లోపలి గొట్టానికి గాటు తగలకూడదు. మిగిలిన గొట్టాన్ని స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. లోపలికి దిగిందా, ఆ గొట్టమూ మార్చవలసిందే. కుళ్ళిన గొట్టం మీద ఏ క్లాంపూ నిలవదు.

కోయవలసి వస్తే రంపాన్ని నిటారుగా పట్టి, అంచును ఆకురాయితో నునుపు చేయండి. ఇంజను వైపు గొట్టం లోపలికి, వెనుక వైపుది దానిపైకి వచ్చేటట్లు కలిపితే పొగ అతుకులోకి ఎదురు కొట్టదు. ఒకదానిలో ఒకటి సుమారు రెండు అంగుళాలు దిగాలి. వేడికి తట్టుకునే సీలింగు పేస్టు లోపలి గొట్టానికి పలచగా పూయండి. నీటి పైపులకు వాడే ముద్ద ఇక్కడ నిలవదు. క్లాంపులన్నీ వదులుగానే ఎక్కించి, సైలెన్సరును రబ్బరు హ్యాంగర్లకు తగిలించి, ప్రొపెల్లరు షాఫ్టు, బ్రేకు గొట్టం, డీజిలు గొట్టం, టైరు దేనికీ తగలకుండా నాలుగు వేళ్ళ సందు ఉందేమో చూడండి. బరువు మోయవలసింది హ్యాంగర్లు, క్లాంపులు కాదు. తెగిన హ్యాంగరును ఇనుప తీగతో కట్టి వదిలేసినచోట అతుకులు మళ్ళీ ఊడతాయి. అంతా కుదిరిన తర్వాతనే ముందు నుంచి వెనుకకు బిగించుకుంటూ రండి. 'యు' బోల్టుకు రెండు నట్లనూ కొంచెం అది, కొంచెం ఇది, సమంగా బిగించాలి. బలం చూపించి గొట్టాన్ని నొక్కివేయవద్దు.

ఆరుబయట ఇంజనును పది నిమిషాలు నెమ్మదిగా నడిపితే పేస్టు గట్టిపడుతుంది. తోలు చేతి తొడుగు వేసుకొని, తడి గోనెసంచి మడతతో తోక గొట్టాన్ని రెండు మూడు క్షణాలు మూసి చెవి పెట్టండి. ఎక్కడైనా బుస్సుమంటే ఆ క్లాంపు వదులుగా ఉన్నట్లే. చల్లారాక నట్లు మరోసారి బిగించండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకొకసారి. ఈ మూడో బిగింపును మరచిపోయిన చోటనే క్లాంపు పని లాభం లేదన్న మాట పుడుతుంది.

ఇక లెక్కల మాట. కిరాయి బండి అయితే సైలెన్సరు ఖర్చు ఎవరిదో ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి. కేవలం "మరమ్మతులు" అని రాస్తే తగాదా వస్తుంది. సొంత బండి అయితే బిల్లు వెనుక కిలోమీటర్ల రీడింగు, బిగించిన తేదీ వేయండి. రెండు క్లాంపులు, నాలుగు హ్యాంగర్లు స్టాకులో ఉంచుకొనుటకు పాలకవర్గం తీర్మానం చేసుకోండి. విప్పిన పాత సైలెన్సరును తుక్కు రిజిస్టరులో చేర్చి, అమ్మిన డబ్బు జమ చేయండి. అది సంఘం ఆస్తి, డ్రైవరుగారి ఇంటి గడపకు మెట్టు కాదు.

వాకిట్లో ఒక పాత పాలబండి నిలిపి ఉంది. డ్రైవరు సోదరులు కాగితం పట్టీలు తీసుకొని వచ్చి దాని గొట్టం కొలవండి. కార్యదర్శులు లెక్క కట్టండి.