చెరువు వాళ్లది, ఖర్చు పంచాయతీది



భూమి ఎవరి చేతుల్లో ఉందని మనం ఎప్పుడూ అడుగుతూనే ఉన్నాం. ఇవాళ ఇంకోటి అడుగుదాం. ఆ భూమిలో ఏం చేస్తున్నారు? దానివల్ల పంచాయతీ పెట్టెలోకి ఎంతొస్తోంది, ఎంత పోతోంది?

కృష్ణా, గోదావరి డెల్టాల్లో 1990ల నుంచి వరిచేలు ఎన్నో రొయ్యల చెరువులైపోయాయి. పంచాయతీ సొంత రాబడిలో ముఖ్యమైంది ఇంటి పన్ను. అది ఇంటి మీదే గానీ పొలం మీద కాదు. కాలనీలో రెండు గదులున్న మన కూలోడు పన్ను కడతాడు. యాభై ఎకరాలు చెరువులేసిన ఆసామి ఆ చెరువుల మీద ఇంటి పన్ను కట్టేదేం లేదు. భూమి అమ్మితే రిజిస్ట్రేషన్ సుంకంలో పంచాయతీకి వాటా వస్తుంది. చెరువులు ఎక్కువగా చేతులు మారేది కౌలుకి. ఆ కౌళ్లు చాలా మటుకు నోటిమాట మీద నడిచేవే.

మరి ఖర్చో? వరి ఉన్నప్పుడు ఊడ్పులకీ కోతలకీ మన ఆడోళ్లకి పని దొరికేది. చెరువుకి కాపలావాడొకడు, పట్టుబడి రోజున ఓ ముఠా చాలు. ఉప్పునీరు బావుల్లోకి దిగితే ట్యాంకరు పెట్టాల్సింది పంచాయతీ. మేత లారీలు తిరిగి ఊరి రోడ్డు గుంటలు పడితే పూడ్చాల్సిందీ పంచాయతీయే. ఆ ట్యాంకరైనా పేటకి ఆఖర్న వస్తుంది, ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా!

పంచాయతీ సొంత నిధుల్లో 15 శాతం ఎస్సీలకి ఖర్చు పెట్టాలని ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. పెట్టె ఖాళీగా ఉంటే 15 శాతం దేన్లోంచి తీస్తారు?

ఇంకో మాట. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, తోపులు పంచాయతీవి. గట్టు జరిపి వాటిని చెరువులో కలుపుకుంటే అది పంచాయతీ ఆస్తి దోచుకోవడమే. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ జాగ్రత్త! పోరంబోకు ఖాళీ అనగానే ముందు మన గుడిసెల మీదికొస్తారు. భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి సర్కారు ఇచ్చిన భూముల్ని క్రమబద్ధం చేయొచ్చని అదే తీర్పులో ఉంది. అది చూపించండి.

వచ్చే గ్రామసభకి అందరం పోదాం. ఊరి చెరువు చేపల పాట ఎంతకి పోయింది, ఎవరు పాడారు, డబ్బు జమైందా? తోపు సర్వే నంబరెంత, ఇప్పుడు మిగిలిందెంత? ట్యాంకర్లకి ఏడాదికి ఎంతయింది? జవాబు నోటితో చెబితే వద్దు, రిజిస్టరు తెరిపించండి.