పోస్టు డబ్బా మీద పేరు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "జర్మనీలో ఉండొచ్చావు కదా, జ్ఞాపకాలు అందరూ చెబుతారు, నువ్వు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. మన వాళ్ల పిల్లలు చాలామంది ఈమధ్య ఎమ్మెస్‌కి అటే వెళ్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను ఒకే ఒక్క నంబరు గురించి చెబుతాను. పదకొండు అంకెల నంబరు. అది చేతికి రాక రెండు నెలలు నేను పడ్డ పాట్లు చెబుతాను. మా లెక్కల మాస్టారు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి అంకెల విషయంలో తప్పు చెప్పనని హామీ ఇస్తున్నాను.

నేను 2016 సెప్టెంబరులో స్టుట్‌గార్ట్‌లో దిగాను. వయసు నలభై ఆరు. యంత్రాల కంపెనీలో డిజైన్ ఉద్యోగం. ఇంజినీరుగా ఇరవై ఏళ్ల పైన అనుభవం ఉంది కదా, కాగితాలు మనకొక లెక్కా అనుకుంటూ వెళ్లాను.

అక్కడ ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ ఆదాయపన్ను గుర్తింపు నంబరు ఉండాలి. వాళ్ల భాషలో వాడుకగా ష్టోయర్ ఐడీ అంటారు. 2008 నుంచి అక్కడ నివాసం ఉన్న ప్రతివాళ్లకీ, పుట్టిన పసిబిడ్డతో సహా, ఇస్తున్నారు. ఇల్లు మారినా, పెళ్లయినా, ఉద్యోగం మారినా జీవితాంతం అదే నంబరు. మన పాన్ లాంటిదే, కానీ ఒక తేడా ఉంది. పాన్‌కి మనం దరఖాస్తు పెట్టుకుంటాం. కొత్తగా వెళ్లినవాడు ఈ నంబరుకు దరఖాస్తు పెట్టక్కర్లేదు. మీరు కాపురం పెట్టిన ఊళ్లో పౌరసేవల ఆఫీసుకు వెళ్లి, "నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను" అని నమోదు చేయించుకుంటారు. ఆ సమాచారం కేంద్ర పన్నుల కార్యాలయానికి వెళ్తుంది. అక్కడి నుంచి నంబరు ఉత్తరంలో మీ ఇంటికి వస్తుంది. పైసా ఖర్చు లేదు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు.

వినడానికి ఎంత సుఖంగా ఉంది!

నమోదుకు గడువు ఇంట్లో దిగిన రోజు నుంచి రెండు వారాలు. పాస్‌పోర్టు, నింపిన ఫారం, దానితోపాటు ఇంటి యజమాని సంతకం చేసిన ఒక కాగితం కావాలి. ఆ కాగితం పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. మన తెలుగు మాస్టారి సమాసాలన్నీ దాని ముందు దిగదుడుపే. "ఈ మనిషి మా ఇంట్లో దిగాడు" అని యజమాని చెప్పడం, అంతే దాని అర్థం. అద్దె ఒప్పందం చూపిస్తానంటే కుదరదు, ఈ కాగితమే కావాలి. 2015 నవంబరు నుంచి ఇది తప్పనిసరి అయింది. నేను అన్నీ పట్టుకుని వెళ్లాను. పావుగంటలో పని అయిపోయింది. నమోదు పత్రం ముద్ర వేసి చేతికిచ్చారు. ఇంత తేలికా అనుకుంటూ ట్రామ్ ఎక్కాను.

నాలుగు వారాలైంది. ఉత్తరం రాలేదు. సెప్టెంబరు జీతం వచ్చింది. చూస్తే సుమారు సగమే చేతికొచ్చింది. ఆరోగ్య బీమాకూ పింఛనుకూ కోత ఉంటుందని ముందే తెలుసు. కానీ ఈ లెక్క అంతకు మించి ఉంది. జీతాల విభాగంలో అడిగితే, "మీ నంబరు లేదు, అందుకని ఆరో తరగతిలో పెట్టాం" అన్నారు. అక్కడ జీతం మీద పన్నుకు ఆరు తరగతులు. ఒంటరివాళ్లది ఒకటి, పెళ్లయిన జంటలకు మూడు, నాలుగు, అయిదు, ఇలా. ఆరోది రెండో ఉద్యోగం చేసేవాళ్లకు. దాంట్లో పన్ను లేని కనీస ఆదాయం అనే వెసులుబాటే ఉండదు, మొదటి యూరో నుంచీ కోత. నంబరు చెప్పని కొత్తవాడు కూడా అందులోనే పడతాడు. భార్య ఇండియాలో ఉన్నంతకాలం నేను ఒకటో తరగతివాణ్ణి. ఆరులో పెట్టారు. మన బళ్లో అయితే ప్రమోషన్ అనుకునేవాళ్లం.

తప్పు ఉద్యోగిది కానప్పుడు, నంబరు వచ్చేలోగా మూడు నెలల వరకూ మామూలు తరగతి ప్రకారమే కోయవచ్చని చట్టంలో ఉంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిసి ఉంటే ఆ బల్ల దగ్గరే అడిగేవాణ్ణి. మీ పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

అక్టోబరు జీతం కూడా అలాగే వచ్చింది. ఇంటి అద్దెకు అడ్వాన్సు మూడు నెలలది కట్టాలి, ఇక్కడ అపార్ట్‌మెంట్ ఈఎంఐ, పెద్దదాని కాలేజీ ఫీజు. ఎలాగో సర్దుకుంటూ వచ్చాను. నవంబరు రెండో వారంలో మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. వెంటనే ఆపరేషన్ అన్నారు. సరిగ్గా పెద్దనోట్లు రద్దయిన వారం. మా ఆవిడ ఒక్కతే ఆసుపత్రిలో ఉంది, బ్యాంకుల ముందు వరసలు, నా ఖాతాలో పంపడానికి సరిపడా డబ్బు లేదు. రాత్రి పదకొండింటికి మన బ్యాచ్ వాడికి ఫోన్ చేశాను. వాడు ఇక్కడే కూర్చున్నాడు, పేరు చెప్పొద్దని ముందే తిట్టాడు. "పొద్దున్నే చెక్కు రాసిస్తా, పడుకోరా" అన్నాడు. రాసిచ్చాడు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్నవాడు ఊళ్లో ఉన్న స్నేహితుణ్ణి అప్పు అడగడం ఎలా ఉంటుందో నేను వివరించను.

మర్నాడు సెలవు పెట్టి మా పేట పన్నుల ఆఫీసుకు వెళ్లాను. దాన్ని ఫినాన్స్‌ఆమ్ట్ అంటారు. ఫోనులో, మెయిల్లో ఆ నంబరు చెప్పరు, వ్యక్తిగత సమాచారం కదా. మనిషే వెళ్లి పాస్‌పోర్టు, నమోదు పత్రం చూపిస్తే, కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ కంప్యూటరులో చూసి, "మీ నంబరు సెప్టెంబరులోనే తయారైంది. ఉత్తరం పంపారు. చిరునామాలో ఆ పేరు గల వ్యక్తి లేడని తిరిగి వెళ్లింది" అంది.

లేకపోవడమేమిటి, నేను అక్కడే ఉంటున్నాను కదా!

ఆవిడ నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. "మీ పోస్టు డబ్బా మీద ఏ పేరుంది?"

అప్పుడు తెలిసింది. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు నంబర్లుండవు. వీధి, ఇంటి నంబరు, ఆపైన గంట మీదా డబ్బా మీదా ఉన్న పేరు, అదే చిరునామా. పోస్ట్‌మన్ కవరు మీది ఇంటిపేరును డబ్బా మీది పేరుతో సరిచూసి వేస్తాడు. కలవకపోతే వెనక్కి పంపిస్తాడు. పక్కింటివాళ్లను అడిగే అలవాటు లేదు. నేను దిగేటప్పుడు ఇంటి యజమాని ఫోనులో "డబ్బా మీద ఏం రాయమంటారు?" అంటే, బళ్లో మీరంతా నన్ను పిలిచే పేరే చెప్పాను. ఆయన చక్కగా అచ్చువేయించి అంటించాడు. ఉత్తరం మీద ఉన్నది పాస్‌పోర్టులోని ఇంటిపేరు. కంపెనీ కాగితాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వాళ్లూ పిలుపు పేరే వాడారు. బ్యాంకు కార్డు రాకపోతే బ్రాంచికి వెళ్లి తెచ్చుకున్నాను, అప్పుడైనా బుర్ర వెలగలేదు.

ఆవిడ నంబరును కాగితం మీద అచ్చువేసి ఇచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్లి తెల్లకాగితం మీద ఇంటిపేరు రాసి డబ్బాకు టేపుతో అంటించాను. డిసెంబరు జీతంలో లెక్క సరిచేసి, ఎక్కువ కోసినదంతా వెనక్కి ఇచ్చారు. అలా కాకపోయినా మరుసటి ఏడాది రిటర్ను వేస్తే వస్తుంది, కానీ అంతకాలం ఎవరు ఆగగలరు? మొదట తీర్చిన బాకీ ఎవరిదో చెప్పనక్కర్లేదు. అమ్మ మూడు నెలలకు కర్రతో నడిచింది.

మాస్టారూ, ఆ నంబరు గురించి ఒక్క మాట మీకోసం. పదకొండు అంకెల్లో చివరిది సరిచూసే అంకె. మొదటి పదింటినీ ఒక వరసలో కూడి, రెట్టించి, పదితోనూ పదకొండుతోనూ శేషాలు తీస్తే అది వస్తుంది. రాసేటప్పుడు ఏ ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు, వెంటనే దొరికిపోతుంది. కూడికలు సరిచూడటానికి మీరు మాకు నేర్పిన తొమ్మిదుల పద్ధతికి అది మనవడు. అంకెల్లో తప్పు దొరకడానికి అంత ఏర్పాటు ఉంది. పేర్లకు అలాంటిదేమీ లేదు.

పేరు గొడవ మన దగ్గరే మొదలవుతుంది, అది కూడా చెప్పాలి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టుకు దాన్ని విడదీసి రాయించడానికి అప్పట్లో అఫిడవిట్ పెట్టాను. ఇప్పటికీ కొందరు పిల్లల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉంటోంది. అక్కడి గుమస్తా దాన్ని ఎలా విడగొడతాడో ఆ రోజు తెలుస్తుంది. ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయులకు నా విన్నపం, నామినల్ రోల్స్ నింపేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా, తల్లిదండ్రులను అడిగి, స్పెల్లింగుతో సహా రాయండి. వెళ్లే పిల్లలకు మాత్రం చెప్పేదొకటే. నమోదు పత్రం మీద పేరు ఎలా పడితే అక్షరం పొల్లుపోకుండా అలాగే డబ్బా మీద అంటించండి. ఒకరి గదిలో సర్దుకుని ఉంటే, ఆ ఇంటివాళ్ల పేరు కింద మీదీ అంటించండి.

గది వెతికేటప్పుడు "ఇక్కడ నమోదు కుదరదు" అనే ప్రకటనలు కనిపిస్తాయి. అద్దె తక్కువని ఆశపడకండి. నమోదు లేకపోతే నంబరు లేదు, నంబరు లేకుండా పార్ట్‌టైమ్ పని చేస్తే నేను పడ్డ కోతే. ఉండని ఇంటి చిరునామా డబ్బుకు ఇప్పిస్తామనేవాళ్లూ ఉన్నారు. అలా ఇవ్వడం నేరం, యాభై వేల యూరోల దాకా జరిమానా పడవచ్చు. నంబరు తెప్పిస్తామని ఫీజు అడిగేవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయండి.

నమోదు ఫారంలో మతం గడి కూడా ఉంటుంది. మన క్రైస్తవ సోదరులు కాస్త ఆగి నింపాలి. కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను మొదలవుతుంది. ఆదాయపన్ను మీద ఎనిమిది శాతం, చాలా రాష్ట్రాల్లో తొమ్మిది. ఇష్టపడి కట్టేవాళ్లు కట్టవచ్చు, తెలియక కట్టకూడదు.

మీ పిల్లలకు అక్కడ ఇంకో పొడుగాటి నంబరు కూడా రావచ్చు. అది స్థానిక పన్నుల ఆఫీసు రిటర్నుల కోసం ఇచ్చేది, ఊరు మారితే మారిపోతుంది. కంపెనీ అడిగేది అది కాదు, పదకొండు అంకెలది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. అక్టోబరు సెమిస్టరుకు వెళ్లే పిల్లలున్నవాళ్లు భోజనాల తర్వాత ఏడో తరగతి గదిలో నన్ను కలవండి. పాస్‌పోర్టు జిరాక్సు తెచ్చుకోండి, పేరు గడులు కలిసి చూద్దాం.