సిరిమాను చూసొద్దాం రండి

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. 1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు కన్నుమూశాడని విని ప్రాణం విడిచిన చెల్లెలే ఈ తల్లి అని ఊరివాళ్ల నమ్మకం. విగ్రహం పెద్దచెరువులో దొరికిందని చెబుతారు. సిరిమాను అంటే పొడవాటి చింతమాను. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందట! మాను కొనన, ఆకాశంలో ఊగే పీట మీద పూజారి కూర్చుంటాడు. సిరిమానుకు ముందు పాలధార, తెల్లఏనుగు, బెస్తవారి వల సాగుతాయి. మూడులాంతర్ల దగ్గరి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. దారి పొడవునా జనం అరటిపళ్లు విసురుతారు. సాయంత్రానికి అడుగు పెట్టే చోటుండదు. పిల్లలతో వెళ్లేవారు మధ్యాహ్నానికే చేరుకోండి. 1713లో పునాది వేసిన కోటను మాత్రం ముందురోజే తీరిగ్గా చూడండి.